దండ వేసిన మంకీ క్యాప్

మా క్రికెట్ టీము పేరు రూహెజైట్. ఈ జర్మనీలో ఆదివారం రోజంతా ఇళ్ళ దగ్గర చప్పుడు చేయకూడదన్న నియమం ఒకటుంది, దాని పేరు అది. క్రికెట్ టీముకి ఎవరైనా సింహాలని పెట్టుకుంటారు, పులులని పెట్టుకుంటారు, మరీ మోజైతే తుఫాను అని పెట్టుకుంటారు. నోరు మూసుకునే వేళ అని పేరు పెట్టుకున్నవాళ్ళు మేం తప్ప ఇంకెవరూ ఉండరు. ఆ పేరు పెట్టింది నేను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఏళ్ళ తరబడి ఒక్క మనిషి దొరకలేదు.

అప్పుడు కాట్‌బస్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. హాస్టల్ వెనక గడ్డి నేల ఉండేది. మాలో సగం మంది తెలంగాణ, సగం మంది ఆంధ్ర, దారి తప్పి వచ్చిన ఇద్దరు ముగ్గురు కన్నడం వాళ్ళు. వారమంతా క్లాసులు, శనివారం గోడౌన్లలో పెట్టెలు సర్దే పనులు. ఆడుకోవడానికి మిగిలింది ఆదివారం ఒక్కటే. సరిగ్గా ఆ రోజే ఈ దేశం నోటికి తాళం వేసుకుంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. టెన్నిస్ బంతితో ఆడుతూ, వికెట్ పడ్డప్పుడల్లా మా ఊళ్ళకి వినపడేలా అరిచేవాళ్ళం.

మూడో ఆదివారం పక్క బిల్డింగులోంచి ఒక ముసలావిడ దిగి వచ్చింది. ఇంట్లో వేసుకునే చెప్పులు, పైన ఉన్ని కోటు. పిచ్ మధ్యకి నడిచొచ్చి, పెదాల మీద వేలు పెట్టి, రూహెజైట్ అంది. మాకు అప్పటికి వచ్చిన జర్మన్ అన్మెల్డుంగ్ చేయించుకోవడానికి సరిపోయేంత. అంటే ఇల్లు మారాక ఆఫీసుకి వెళ్ళి, ఫలానా చోట ఉంటున్నామని చెప్పుకునేంత. అయినా ఆ వేలు అర్థమైంది. మా కెప్టెన్ తలవంచి బంతి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బంతి తీయమని సైగ చేసింది, ఆడండి అన్నట్టు చెయ్యి తిప్పింది, మళ్ళీ పెదాల మీద వేలు పెట్టింది. ఆడుకోవచ్చు, అరవకూడదు. ఇదీ ఒప్పందం.

తెలుగువాళ్ళని నోరు మెదపకుండా క్రికెట్ ఆడమనడం చేపని ఒడ్డున కూర్చుని తపస్సు చేసుకోమన్నట్టే. ఒప్పందం కుదిరాక మొదటి ఆదివారం నవ్వు ఆపుకోలేక ఒకడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అవుటా కాదా అని అంపైర్‌ని అడగాలంటే రెండు చేతులూ చాచి దీనంగా చూడాలి. వికెట్ పడితే అందరం చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించాలి. నెల తిరిగేసరికి అలవాటైపోయింది. అలవాటయ్యాక బాగుంది కూడా. గోడౌన్లో సూపర్‌వైజర్ అరుపులు వారమంతా విన్నవాళ్ళకి ఆ రెండు గంటలూ హాయిగా ఉండేవి.

నేను ఎప్పుడూ బౌండరీ దగ్గరే. బౌలింగ్ రాదు, బ్యాటింగ్ ఇచ్చేసరికి ఓవర్లు అయిపోయేవి. ఊళ్ళో మూడేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి కాబట్టి అందరికన్నా పెద్దవాణ్ణి, అందుకని అందరూ అన్నా అనేవాళ్ళు. అన్నా, కొంచెం వెనక్కి. అన్నా, ఇంకొంచెం వెనక్కి. అలా వెనక్కి వెనక్కి జరిగి నేను ముసలావిడ బాల్కనీ కిందకి చేరాను. నెత్తిన మెరూన్ రంగు మంకీ క్యాప్. రాజమండ్రిలో అక్క కొనిచ్చింది. ఎడమ చెవి దగ్గర ఉతుకులో చిరిగితే ఆకుపచ్చ దారంతో నేనే కుట్టుకున్నాను, ఆ వేళకి గదిలో ఆ రంగే ఉంది. వికెట్ పడ్డప్పుడు నేను ఇటు చేతులెత్తి ఆడిస్తే, పైన బాల్కనీలో ఆవిడ కూడా చేతులెత్తి ఆడించేది. ఆటలో నాకు జోడీ అంటే ఆవిడే.

తర్వాతి వేసవిలో లైప్‌జిగ్‌లో విద్యార్థుల టోర్నమెంటుకి పిలుపొచ్చింది. టీము పేరు చెప్పమన్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క మ్యాచ్ గెలవని మేము పేరు కోసం హాస్టల్ వంటింట్లో ఒక సాయంత్రమంతా కొట్టుకున్నాం. తెలంగాణ వాళ్ళు ఒక కోట పేరు అన్నారు. ఆంధ్రవాళ్ళు ఒక నది పేరు అన్నారు. ఆ నది మా జిల్లాలో కూడా పారుతుందిగా అని ఒకడు, అయితే మా కోటలో మీకూ వాటా ఉందా అని ఇంకొకడు. కన్నడం వాళ్ళు అన్నం తినేసి పడుకున్నారు. నేను పప్పు గిన్నె కడుగుతూ, రూహెజైట్ అని పెట్టేయండి, ఎవరి సొత్తూ కాదు అన్నాను.  ఒకడు చేతులెత్తి వేళ్ళు ఆడించాడు, తర్వాత అందరూ. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేనన్న మాట ఒకటి మారుమాట లేకుండా చెల్లింది అదొక్కటే.

ఆ టోర్నమెంటులో మిగతా పేర్లూ గొప్పవేం కాదు. ఒక టీము పేరు వెయిటింగ్ లిస్ట్. హాస్టల్ గది కోసం ఏడాదిగా ఎదురుచూస్తూ ఒకరి గదిలో ఒకరు నేలమీద పడుకున్నవాళ్ళు పెట్టుకున్నది. ఇంకొకళ్ళు సెకండ్ హ్యాండ్ సైకిల్స్, గుర్తుగా ఒక బెల్లు తెచ్చుకుని ఫోర్ కొట్టినప్పుడల్లా మోగించేవాళ్ళు. ఒక టీముకి అవతలివాళ్ళు వెటకారానికి ఉప్మా అని పేరు పెడితే, పౌరుషం కొద్దీ దాన్నే జెర్సీల మీద వేయించుకున్నారు. టీముల పేర్లు పుట్టేది ఇలాగే. ఒక తిట్టులోంచో, ఒక ఇబ్బందిలోంచో పుడతాయి. పెట్టినవాళ్ళు రెండేళ్ళకి డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోతారు. పేరు అక్కడే ఉండి, తర్వాత వచ్చినవాళ్ళ చేతుల్లో పెరుగుతుంది.

ఆ ఏడు దసరాకి బ్యాట్లన్నీ ఆట సామాను గదిలో పేర్చి ఆయుధపూజ చేశాం. బెర్లిన్‌లో ఇండియన్ షాపులో కొన్న ప్లాస్టిక్ బంతిపూల దండలు తెచ్చాం. పూజయ్యాక ఒక దండ మిగిలింది. బ్యాట్లకి వేయడానికి చోటు లేదు, పారేయడానికి మనసొప్పలేదు. గోడ మేకుకి నా టోపీ వేలాడుతోంది. దాని మీదే తగిలించి చేతులు దులుపుకున్నాను.

ఆ చలికాలంలోనే జిండెల్ఫింగెన్‌లో ఉద్యోగం వచ్చింది. మావాళ్ళు సగం మంది పరీక్షల్లో, సగం మంది ఇంటర్న్‌షిప్పుల్లో ఉన్నారు. నేను సూట్‌కేసు ఈడ్చుకుంటూ ట్రామ్ ఎక్కాను. టోపీ మేకుకే ఉండిపోయింది. దారిలో ఫోను పోయింది, కొత్త నంబరు తీసుకున్నాను. పాత గ్రూపులోకి మళ్ళీ చేర్చమని అడగాలంటే ఎవరి నంబరూ నోటికి రాదు. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారులే అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరం బతుకు బండి లాక్కునేవాళ్ళమే.

జిండెల్ఫింగెన్‌లో పెద్ద కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఆ కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌కి పరీక్షలు పెట్టడం నా పని. ఆఫీసులో నాతో ఎక్కువగా పలికే మాట మాల్‌జైట్, మధ్యాహ్నం భోజనానికి లేస్తూ ఎదురైనవాళ్ళందరితో అనే మాట. నేనూ మాల్‌జైట్ అంటాను. రోజుకి ఆ సంభాషణ సరిపోతుంది. తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి. మొదట్లో పిల్లల పుట్టినరోజులకి పిలిచేవాళ్ళు. వాళ్ళ మాటలన్నీ పిల్లల్ని చూసుకునే కీటాలో సీటు దొరికిందా, ఇంటి అద్దె ఎంత పెరిగింది అన్నచోట మొదలై అక్కడే ముగుస్తాయి. పెళ్ళెప్పుడు అని నన్ను రెండేళ్ళు అడిగారు. అడిగి అడిగి వాళ్ళూ విసిగారు, చెప్పి చెప్పి నేనూ విసిగాను, పిలుపులు ఆగిపోయాయి. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. ఆదివారాలు రూహెజైట్ నాకంటే బాగా పాటించే మనిషి ఆ వీధిలో లేడు. చప్పుడు చేయాలంటే అవతల ఒక మనిషైనా ఉండాలి కదా. నాకు ఏడుపొచ్చే ఆదివారాలు ఉన్నాయి. ఇది దాచుకోవలసిన విషయం కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ వేసవిలో ఎవరో ఫార్వర్డ్ చేసిన పోస్టరొకటి నా ఫోన్‌లోకి వచ్చింది. లైప్‌జిగ్‌లో విద్యార్థుల టోర్నమెంటు. టీముల పేర్లలో రూహెజైట్ ఉంది. నేను వంటింట్లో నిలబడి దాన్ని పైకే చదివాను. ఐదారేళ్ళయింది, నాకు తెలిసినవాడు ఒక్కడూ అక్కడ ఉండడని తెలుసు. అయినా టికెట్ కొన్నాను. రైలు అలవాటు ప్రకారం ఆలస్యంగా నడిచింది, నాకది మంచిదే అయింది. ఒకే ఒక్క వాక్యం దారంతా వల్లెవేసుకున్నాను. ఈ పేరు పెట్టింది నేనే బాబూ, అని. అది విని ఒక్కడు, అవునా అన్నా, అంటే చాలు. దానికోసమే అంత దూరం వెళ్ళాను.

మైదానం అంచున ఒక కర్ర పాతి ఉంది. కర్ర మీద మెరూన్ రంగు మంకీ క్యాప్. దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ. రంగు వెలిసింది గానీ, ఎడమ చెవి దగ్గర ఆకుపచ్చ కుట్టు అలాగే ఉంది. బ్యాటింగుకి వెళ్ళే ప్రతి కుర్రాడూ దాన్ని తాకి, చేతిని కళ్ళకద్దుకుని వెళ్తున్నాడు. నా టోపీకి ఇంత మర్యాద ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ కర్ర పక్కనే, ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం కూర్చున్న ఒక విద్యార్థి నావైపు చూసి నవ్వాడు.

“తెలుగా అన్న? ఏడుంటరు?”

“జిండెల్ఫింగెన్ బాబూ.”

“అమ్మో, గంత దూరంకెల్లి మ్యాచు సూడనీకి వచ్చిన్రా.” కరీంనగర్ వైపు యాస. పక్కకి జరిగి చోటిచ్చాడు.

“ఆ టోపీ ఏంటి?” అన్నాను.

“గది మా మస్కట్ అన్న. మా సీనియర్ అన్నది.”

“ఎక్కడున్నాడు ఆయన?”

కుర్రాడు గొంతు తగ్గించాడు. “లేడన్న. చనిపోయిండు. మేం రాకముందుకే.”

 అతను చెప్పుకుపోయాడు.

“ఎట్ల పొయ్యిండో సక్కగ ఎవ్వరికి తెల్వదు. చలిల బౌండరీ కాడ నిలవడి నిలవడి నిమ్ము జేసిందని అంటరు. మస్తు ఫీల్డరంట. ఒక్క క్యాచ్ గూడ ఇడువకపోతుండెనంట. అందుకే మేం వికెట్ పడ్డా అరువమన్న. ఆయనకు మౌనం పాటించినట్టు. టీము పేరు గూడ అందుకే పెట్టిన్రు.”

నేను జీవితంలో పట్టిన క్యాచ్ ఒకటుంది, అది నా ఛాతీకి తగిలి చేతుల్లో పడింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత టోపీ వైపు మళ్ళీ చూశాను. గోరంతలు కొండంతలు అవుతాయని తెలుసు గానీ, ఆ కొండ కింద నన్నే పాతిపెడతారని తెలియదు.

“ఆ దండ ఎవరు వేశారు?” అని అడిగాను.

“మేమొచ్చేసరికే ఉన్నదన్న. మా సీనియర్లు వచ్చేసరికి గూడ ఉన్నదంట. దండ ఉన్నదంటే మరి అంతే గద.”

అంతే. ఫోటోకో వస్తువుకో దండ పడిందంటే మన ఇళ్ళలో ఇక ప్రశ్న లేదు. మెళ్ళో దండ చూసి తలవంచుకోవడం మనకి పలక పట్టకముందే వస్తుంది. దాన్ని వేసింది నేనే, చోటు లేక. రైల్లో వల్లెవేసుకున్న వాక్యం గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఏమని మొదలుపెట్టాలి? బాబూ, ఆ పోయినవాణ్ణి నేనే, అనాలా? అంటే వాళ్ళకి ఒక మంచి ఫీల్డర్ పోతాడు, బదులుగా బట్టతల వస్తున్న ఒక టెస్టర్ దొరుకుతాడు. ఎవరికి లాభం?

“మీరు కాట్‌బస్‌ల సదివిన్రా అన్న? ఆయన తెల్సా మీకు?”

“కొంచెం తెలుసు.”

కుర్రాడు పూర్తిగా నావైపు తిరిగి కూర్చున్నాడు. మ్యాచ్ చూడడం మానేశాడు. “ఎట్లుండెటోడన్న?”

ఎట్లుండెటోడు. ఐదారేళ్ళలో నా గురించి ఒక మనిషి అంత ఆత్రంగా అడగడం అదే మొదటిసారి. పెళ్ళెప్పుడు, వీసా ఏమిటి, జీతమెంత అని అడిగారు గానీ, ఎలా ఉంటావని ఎవరూ అడగలేదు. చెప్పాను. పులిహోర బాగా చేసేవాడు, పులుపు మాత్రం ఎక్కువ వేసేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు, కానీ మాట్లాడడం ఇష్టం లేక కాదు. ఎవరైనా పక్కన కూర్చుంటే వాళ్ళు లేచేదాకా లేచేవాడు కాదు. పక్క బిల్డింగు ముసలావిడ అతని స్నేహితురాలు. క్యాచుల సంగతి మాత్రం అంత నిజం కాదు.

“దోస్తులు లేకుండెనా?”

“ఉండేవాళ్ళు. అతను ఆ ఊరు వదిలి వెళ్ళిపోయాక, దిగులుగా ఉంటోందని ఎవరికీ చెప్పుకోలేదు.”

కుర్రాడు గ్లవ్ పట్టీ లాగి బిగించుకున్నాడు. “చెప్పుంటే బాగుండె అన్న. మేమైతే పోయి కలుస్తుంటిమి.”

 అదే సమయానికి వికెట్ పడింది. అవతలి టీము కుర్రాళ్ళు అరిచారు. మావాళ్ళు చప్పుడు చేయలేదు. కుర్రాడు లేచి, టోపీని తాకి, కళ్ళకద్దుకుని బ్యాటింగుకి వెళ్ళాడు. బాగా ఆడాడు. మ్యాచ్ గెలిచినప్పుడు పదకొండు మందీ ఆ కర్ర వైపు తిరిగి చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు. నేను కర్ర పక్కనే నిలబడి ఉన్నాను. నా సంతాప సభకి నేనే వచ్చి వెనక వరసలో నిలబడ్డట్టయింది.

వెళ్ళేముందు కుర్రాడు నంబరు తీసుకున్నాడు. పేరడగలేదు. జిండెల్ఫింగెన్ అన్న అని రాసుకున్నాడు. మనలో పెద్దవాణ్ణి అన్నా అన్నాక ఇక పేరుతో పనుండదు. నేను కాట్‌బస్‌లో ఉన్నప్పుడూ అంతే. అందుకే పోయినవాడి పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఆదివారాలు మెసేజులు రావడం మొదలైంది. ఆయన గురించి ఇంకోటి చెప్పన్న, అని. నేను చెప్పేవాణ్ణి. పేరు పుట్టిన వంటింటి గొడవ చెప్పాను, పెదాల మీద వేలు పెట్టిన ముసలావిడ సంగతి చెప్పాను. పేరు పెట్టింది ఆయనే అని కూడా చెప్పాను. అవునా అన్న, అని వచ్చింది. నేను కోరుకున్న మాట అదే, అక్షరం పొల్లుపోకుండా. కానీ అది నాకు రాలేదు, ఆయనకి వచ్చింది. ఫోను పక్కన పెట్టి కిటికీలోంచి ఖాళీ వీధిని చూస్తూ కూర్చున్నాను. పోయినవాడి మీద నాకు అసూయ పుట్టింది. ఇంతకన్నా దిక్కుమాలిన స్థితి ఉంటుందని నేననుకోను.

పోయిన ఆదివారం ఇంకో మెసేజ్ వచ్చింది. “అన్న, కొత్త జెర్సీలు కొట్టిస్తున్నం. కాలర్ లోపట ఆయన పేరు ఏపిద్దామనుకుంటున్నం. ఆయన పేరేంది?”

 కాఫీ పెట్టుకున్నాను, తాగడం మరిచిపోయాను. ఊరుకుంటే ఏదో ఒక పేరు వేస్తారు, లేదా వేయడం మానేస్తారు. ఇంకో రెండేళ్ళకి ఈ కుర్రాళ్ళూ వెళ్ళిపోతారు, ఆ మనిషి హాయిగా పోయినవాడిగానే ఉండిపోతాడు. అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది నాకే. చివరికి నా పేరు టైప్ చేసి పంపాను.

“ఇంటిపేరు?”

అదీ పంపాను.

కాసేపాగి వచ్చింది. “సారీ అన్న, ఇన్ని దినాలసంది మీ పేరు అడగనే లేదు. మీ పేరేంది?”

“అదే,” అని రాశాను.

అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి. పోయాయి. మళ్ళీ కనిపించాయి, మళ్ళీ పోయాయి. నేను ఫోన్ బల్ల మీద పెట్టి, గిన్నెలు కడిగి వచ్చాను. ఏమీ లేదు. పిల్లవాణ్ణి భయపెట్టానేమో, చెప్పకుండా ఉండాల్సింది, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని నన్ను నేను తిట్టుకున్నాను. బయట ఎవరి మాటా వినపడడం లేదు.

సాయంత్రానికి ఒక ఫోటో వచ్చింది. ఆట సామాను గది గోడ, మేకు, మేకుకి నా టోపీ. దండ లేదు. కింద ఒక వాక్యం రాసి ఉంది.

“ఐతారం మ్యాచున్నదన్న, బౌండరీ కాడ ఎవ్వరు లేరు.”